ఊరు కాని ఊళ్లో ఓటు: మేరీలాండ్ అరుణ, మన గుంతకల్లు లెక్క

గుంతకల్లులో మా మామ రైల్వేలో రిటైరైన మనిషి. వాట్సాప్‌లో వచ్చింది ఏదీ నమ్మడు, అలాగని వదిలిపెట్టడు కూడా. 2025 నవంబరులో వర్జీనియా ఎన్నికల ఫలితాలు వచ్చినప్పుడు మా కుటుంబం గ్రూపులో రెండు ఫోటోలు పక్కపక్కనే తిరిగాయి. ఒకటి అప్పుడే గెలిచిన గజాలా హష్మీది, రెండోది అంతకు మూడేళ్ల ముందు పక్క రాష్ట్రం మేరీలాండ్‌లో గెలిచిన అరుణ మిల్లర్‌ది. ఇద్దరూ హైదరాబాద్‌లో పుట్టినవాళ్లే. "మన తెలుగు నేల ఆడబిడ్డలు అమెరికాలో లెఫ్టినెంట్ గవర్నర్లు" అని కింద రాత. మామ వెంటనే ఫోన్ చేసినాడు.

"ఏం అల్లుడూ, గవర్నర్ని ఢిల్లీవాళ్లు గదప్పా పంపేది! ఓట్లేసి గెలిపించేదేంది?"

నవ్వాను గానీ, ఫోన్ పెట్టేశాక అది సరైన ప్రశ్నే అనిపించింది. పదవి పేరు ఒకటే అయినా పని వేరు. వలస వచ్చిన ఇంటి మనిషి ఆ పదవి దాకా ఎలా వెళ్లగలిగారో తెలియాలంటే అక్కడ ఓటు ఎవరిది, టికెట్ ఎవరిస్తారు, 'లోకల్' అంటే ఎవరు అనేవి ముందు తెలియాలి. అవే ప్రశ్నలు మన దగ్గర వేసుకుంటే అనుకోని జవాబులు వస్తాయి.

గవర్నర్ అంటే అక్కడ ముఖ్యమంత్రి

మన గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. ప్రజలు ఓటు వేయరు. పాలన ముఖ్యమంత్రిది. అమెరికా రాష్ట్రాల్లో ముఖ్యమంత్రి అనే పదవే లేదు. గవర్నర్‌ను జనం నేరుగా ఓటేసి నాలుగేళ్లకు ఎన్నుకుంటారు (రెండేళ్లకు ఎన్నుకునే చిన్న రాష్ట్రాలు ఒకటి రెండు ఉన్నాయి). రాష్ట్ర బడ్జెట్, రాష్ట్ర పోలీసులు, రాష్ట్ర రహదారులు ఆ గవర్నర్ కింద నడుస్తాయి. కాబట్టి అమెరికా వార్తలో గవర్నర్ అని కనిపిస్తే మనసులో ముఖ్యమంత్రి అని చదువుకోవాలి.

లెఫ్టినెంట్ గవర్నర్ అనగానే మనకు పుదుచ్చేరి, ఢిల్లీ గుర్తొస్తాయి. అక్కడ ఉండేది కేంద్రం నియమించిన ప్రతినిధి. మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ మన ఉప ముఖ్యమంత్రికి దగ్గర, అయితే ఒక తేడా ఉంది. ఉప ముఖ్యమంత్రి అనే మాట మన రాజ్యాంగంలో లేదు, ముఖ్యమంత్రి ఇచ్చే హోదా అది. మేరీలాండ్‌లో అది రాజ్యాంగంలో రాసి ఉన్న పదవి. గవర్నర్ కుర్చీ ఖాళీ అయితే ఆ మనిషే అందులో కూర్చుంటారు. అధికారాలు మాత్రం గవర్నర్ అప్పగించినంత మేరకే.

ఇక్కడా ఒక చిక్కుంది. మేరీలాండ్‌లో గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ జంటగా పోటీ చేస్తారు, ఓటు ఇద్దరికీ కలిపి ఒకటే. వర్జీనియాలో ఇద్దరికీ వేర్వేరు ఎన్నిక. అక్కడి లెఫ్టినెంట్ గవర్నర్ సెనేట్‌కు అధ్యక్షత వహిస్తారు, ఓట్లు సమానమైతే తన ఓటు వేస్తారు. మా గ్రూపులో పక్కపక్కన పెట్టిన ఆ రెండు ఫోటోల్లోని పదవుల పేరు ఒకటే, గెలిచిన పద్ధతి ఒకటి కాదు.

ఏడేళ్ల పిల్ల నుంచి ఉప గవర్నర్ దాకా

అరుణ మిల్లర్ పుట్టింటి పేరు కాట్రగడ్డ. 1964లో పుట్టారు. తండ్రి ఇంజనీరు, ఐబీఎం ఉద్యోగి. 1972లో ఏడేళ్ల వయసులో అమెరికా వెళ్లారు. మిస్సోరీలో సివిల్ ఇంజనీరింగ్ చదివారు. 1990లో మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీకి చేరి, అక్కడి రవాణా శాఖలో పాతికేళ్లు ఉద్యోగం చేశారు.

కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే, కానీ కలెక్టర్ ఉండడు. పెద్దను, కౌన్సిల్‌ను జనమే ఎన్నుకుంటారు. బడులు, రోడ్లు, పోలీసులు చాలావరకు కౌంటీ కిందే ఉంటాయి. మాంట్‌గోమరీ జనాభా 2020 లెక్కల్లో పది లక్షలు దాటింది. అందులో ఆసియా మూలాలవాళ్లు సుమారు 15 శాతం, అంటే మనవాళ్ల ఓట్లతోనే గెలిచే లెక్క అక్కడ కుదరదు. రోడ్డు మలుపు ఎక్కడ ప్రమాదమో, పిల్లలు బడికి ఎక్కడ దాటుతారో చూసే ఇంజనీరు ఆవిడ. రాజకీయానికి అంతకంటే పనికొచ్చే ఉద్యోగం ఇంకోటి ఉందా అని నాకు అనుమానమే. మన దగ్గర కూడా వార్డు కౌన్సిలర్‌ను జనం అడిగేది కాలువ, రోడ్డు, లైటు.

అమెరికా పౌరసత్వం వచ్చింది 2000లో. వెళ్లిన ఇరవై ఎనిమిదేళ్లకు. ఆ ఏడాదే అధ్యక్ష ఎన్నికల్లో మొదటిసారి ఓటేశారు. గ్రీన్ కార్డు (శాశ్వతంగా ఉండే అనుమతి) ఉన్నంత మాత్రాన అక్కడ రాష్ట్ర, దేశ ఎన్నికల్లో ఓటు రాదు. పౌరసత్వం కావాలి. (అదే కౌంటీలో టకోమా పార్క్ అనే చిన్న ఊరుంది. 1993 నుంచి తమ ఊరి ఎన్నికల వరకు పౌరులు కానివాళ్లకూ ఓటిచ్చింది. ఊరి చెత్త పన్ను కట్టేవాడికి ఊరి పెద్దను ఎన్నుకునే హక్కుండాలన్నది వాళ్ల వాదన. ఓటు పౌరుడిదే కావాలనేవాళ్లు దీన్ని ఇప్పటికీ ఒప్పుకోరు.)

ఆ తర్వాత పార్టీలో స్వచ్ఛంద కార్యకర్తగా మొదలుపెట్టి, పదేళ్లకు, 2010లో మేరీలాండ్ దిగువ సభకు గెలిచారు. ఆ సభ పేరు హౌస్ ఆఫ్ డెలిగేట్స్. ఇందులో 141 మంది ఉంటారు, రాష్ట్రంలో 47 నియోజకవర్గాలు. రాష్ట్ర జనాభా అరవై లక్షల పైచిలుకు. 47తో భాగిస్తే ఒక్కో నియోజకవర్గానికి లక్షా ముప్పై వేల మంది, వాళ్లకు ముగ్గురు సభ్యులు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2011 లెక్కల ప్రకారం 4.95 కోట్ల మందికి 175 మంది ఎమ్మెల్యేలు, అంటే 2.8 లక్షల మందికి ఒక్కరు. అక్కడ చాలా నియోజకవర్గాల్లో ఓటరు ముగ్గురికి ఓటేయొచ్చు. ఇద్దరు పాతవాళ్లకు వేసి మూడో ఓటు కొత్త మనిషికి వేసే వీలుంటుంది. వలస ఇంటి పేరుతో బరిలోకి దిగినవాళ్లకు ఆ మూడో ఓటు పెద్ద సాయం. ఒక్క ఓటే ఉండే మన పద్ధతిలో ఆ ఊరట లేదు.

ఇంకో తేడా మన ఉద్యోగులకు నోరూరిస్తుంది. మేరీలాండ్ శాసనసభ ఏడాదికి తొంభై రోజులే కూర్చుంటుంది. సభ్యులు మిగతా రోజుల్లో తమ తమ ఉద్యోగాలు చేసుకుంటారు. అరుణ కూడా కొన్నాళ్లు కౌంటీ ఇంజనీరుగా ఉంటూనే సభ్యురాలిగా ఉన్నారు. మన దగ్గర ప్రభుత్వ ఇంజనీరు నామినేషన్ వేయాలంటే ముందు రాజీనామా కాగితం ఇవ్వాలి. జీతం వదులుకోలేని మధ్యతరగతి మనిషి అక్కడే ఆగిపోతాడు.

2014లో మళ్లీ గెలిచారు. 2018లో అమెరికా పార్లమెంటు దిగువ సభకు పోటీ చేయబోయి పార్టీ లోపలి ఎన్నికలోనే ఓడిపోయారు. ఎదురు నిలబడింది డేవిడ్ ట్రోన్, దేశమంతా మద్యం దుకాణాలున్న వ్యాపారి. కోటి డాలర్లకు పైగా సొంత డబ్బు ఖర్చుపెట్టాడు. ఆయనకు దాదాపు 40 శాతం, ఈవిడకు 31 శాతం. ఎన్నికల్లో డబ్బు మన దగ్గరే పారుతుందనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. అక్కడ అది ఎక్కువగా టీవీ ప్రకటనల్లోకి పోతుంది, అంతే.

ఆ ఓటమి తర్వాత మూడున్నరేళ్లకు గవర్నర్ పదవికి పోటీ చేస్తున్న వెస్ మూర్ తన జంట అభ్యర్థిగా ఆమెను ఎంచుకున్నారు. అప్పటిదాకా ఆయన ఏ ఎన్నికా గెలవని మనిషి, ఈవిడకు శాసనసభలో ఎనిమిదేళ్ల అనుభవం. 2022లో గెలిచి, 2023 జనవరి 18న ప్రమాణం చేశారు. భగవద్గీత మీద చేయి పెట్టి చేసిన ఆ ఫోటోనే మా గ్రూపులో తిరిగింది.

వెళ్లిన నాటి నుంచి లెక్కేస్తే యాభై ఏళ్లు. అందులో ఓటు కోసం ఇరవై ఎనిమిది, ఓటు నుంచి మొదటి గెలుపుకు పది.

టికెట్ ఇచ్చేది ఎవరు?

పైన 'పార్టీ లోపలి ఎన్నిక' అన్నాను. దాన్ని ప్రైమరీ అంటారు. మన దగ్గర అభ్యర్థిని పార్టీ అధిష్ఠానం తేల్చి, బీ-ఫారం చేతికిస్తుంది. ఆ కాగితం లేకుంటే పార్టీ గుర్తు రాదు, ఇండిపెండెంటు కిందే లెక్క. చివరి రోజు సాయంత్రం బీ-ఫారం ఎవరి చేతిలో పడుతుందోనని ఆర్డీవో ఆఫీసు బయట కాపలా కాయడం మన ఊళ్లలో చూసిందే.

మేరీలాండ్‌లో ఆ నిర్ణయం ఓటర్లది. ఓటరుగా నమోదయ్యేటప్పుడే ఫలానా పార్టీ అని రాయించుకున్నవాళ్లు ఆ పార్టీ ప్రైమరీలో ఓటేసి అభ్యర్థిని ఎన్నుకుంటారు. పార్టీ నాయకుల మాటకు బరువుంటుంది గానీ, బీ-ఫారంలా తలుపు మూసే శక్తి ఉండదు.

ఏది మేలు? ప్రైమరీతో ఊరూ పేరూ లేని ఇంజనీరుకు దారి దొరికింది. కోటీశ్వరుడికి పెద్దల ఆశీస్సులు అక్కర్లేకుండా పోయిందీ దాని వల్లే. బీ-ఫారం పద్ధతిని సమర్థించేవాళ్లు చెప్పేదీ కొట్టిపారేయలేం. సంఖ్యాబలం లేని వర్గం మనిషికి పార్టీ పెద్ద తలచుకుంటే ఒక్క సంతకంతో టికెట్ ఇవ్వగలడు, ప్రైమరీలో ఆ మనిషి గెలవకపోవచ్చు. అయితే ఆ పెద్ద తలచుకోవాలి కదా.

పదవి చిన్నదయ్యే కొద్దీ 'లోకల్' బిగుసుకుంటుంది

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 'నాన్ లోకల్' అనే తిట్టు ప్రతి ఎన్నికలో వినపడుతుంది. చట్టం ఏమంటుంది?

లోక్‌సభకు పోటీ చేయాలంటే దేశంలో ఎక్కడో ఒకచోట ఓటరై ఉంటే చాలు. అందుకే 1991 నవంబరు ఉప ఎన్నికలో తెలంగాణకు చెందిన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉంటూ నంద్యాల నుంచి నిలబడి అయిదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తన పార్టీ అభ్యర్థిని పెట్టలేదు. 1999లో మన సరిహద్దు అవతల బళ్లారిలో సోనియా గాంధీ గెలిచారు. ఆమె పుట్టింది ఇటలీలో, భారత పౌరసత్వం తీసుకున్నది 1983లో. మన చట్టం ప్రకారం పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఏ పదవికైనా అర్హులే. అమెరికాలో అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులు రెండూ పుట్టుకతో పౌరులైనవాళ్లకే. ఈ ఒక్క విషయంలో మన తలుపు వాళ్ల తలుపు కంటే వెడల్పు.

అసెంబ్లీకి వస్తే ఆ రాష్ట్రంలో ఏ నియోజకవర్గంలోనైనా ఓటరై ఉండాలి. కృష్ణా జిల్లాకు చెందిన ఎన్టీఆర్ 1985, 1989, 1994లో హిందూపురం నుంచి గెలిచారు. ఆయన కుటుంబం అక్కడ ఇప్పటికీ గెలుస్తూనే ఉంది.

మున్సిపాలిటీకి, పంచాయతీకి వచ్చేసరికి చట్టం ముడి బిగిస్తుంది. కౌన్సిలర్‌గా నిలబడాలంటే ఆ పట్టణం ఓటర్ల జాబితాలోనే పేరుండాలి. సర్పంచికి ఆ పంచాయతీ జాబితాలోనే. ప్రధానికి అక్కర్లేని స్థానికత వార్డు మెంబరుకు కావాలి. దీనికి కారణం ఉంది. అనంతపురం కార్పొరేషన్‌లో 50 డివిజన్లు, 2011లో నగర జనాభా 2.61 లక్షలు. ఒక్కో డివిజన్‌కు అయిదు వేల పైచిలుకు మనుషులు. అంత చిన్న చోట ఏ బోరింగు పాడైందో రోజూ చూసేవాడే కావాలని చట్టం ఉద్దేశం.

నిబంధనలూ కింది పదవులకే ఎక్కువ. అరుణ మిల్లర్‌కు ముగ్గురు ఆడపిల్లలు. 2024 చివర్లో చట్టం మార్చేదాకా మన దగ్గర ఇద్దరికి మించి సంతానం ఉన్నవాళ్లు (పాత తేదీలకు ఇచ్చిన మినహాయింపులు పోను) సర్పంచిగానో కార్పొరేటర్‌గానో పోటీ చేయలేకపోయేవాళ్లు. ఎమ్మెల్యేకు, ఎంపీకి ఆ పట్టింపు ఎప్పుడూ లేదు.

గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో ఒక అమ్మాయి

ఒక ఊహ చేద్దాం. తమిళనాడు నుంచి రైల్వే ఉద్యోగం మీద గుంతకల్లు వచ్చిన కుటుంబం. మా ఊళ్లో ఇలాంటి ఇళ్లకు కొదవ లేదు. తమిళం, కన్నడ, మరాఠీ, ఉర్దూ అన్నీ ఒకే వీధిలో వినపడతాయి. ఆ ఇంటి అమ్మాయి ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదివింది, తెలుగులోనే పోట్లాడుతుంది. కౌన్సిలర్ కావాలనుకుంది.

పౌరసత్వం సమస్య లేదు, అరుణకు పట్టిన ఇరవై ఎనిమిదేళ్లు ఈమెకు సున్నా. ఇరవై ఒక్కేళ్లు నిండి, ఓటరు జాబితాలో పేరుంటే చాలు. జనరల్ వార్డు అయితే రేపే నామినేషన్ వేయొచ్చు.

కానీ వార్డు ఎస్సీ రిజర్వు అయిందనుకోండి, ఈ కుటుంబమూ తమిళనాడులో ఎస్సీ అనుకోండి. అప్పుడు ఆమె పోటీ చేయలేదు. ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. ఒక రాష్ట్రంలో ఉన్న ఆ హోదా వలస వెళ్లిన రాష్ట్రానికి వెంట రాదు. సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో ఇది తేల్చింది. మహారాష్ట్ర వెళ్లిన తెలుగువాడి మెడికల్ సీటు గొడవ అది. 1994లో మరో తీర్పులో ఇంకాస్త గట్టిగా చెప్పింది: కులం పేరు రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఒకేలా ఉన్నా సరే, వలస వచ్చినవాళ్లకు కొత్త రాష్ట్రంలో ఆ ప్రయోజనం ఉండదు. పిల్లలు ఇక్కడ పుట్టినా తండ్రి మూలస్థానమే చూస్తారు.

కోర్టు వాదన ఇది: వెనుకబాటు ఆయా ప్రాంతపు సామాజిక పరిస్థితిని బట్టి తేలేది, బయటివాళ్లు వస్తే స్థానికంగా అణగారినవాళ్ల వాటా తగ్గుతుంది. అవతలి వాదన: అంటరానితనం రైలెక్కి రాష్ట్రం దాటితే పోతుందా? గుంతకల్లులో ఇల్లు అద్దెకు అడిగితే వాళ్ల కులం తమిళనాడు జాబితాలోదా, ఆంధ్ర జాబితాలోదా అని ఎవరూ చూడరు. రెండో వాదనకే నా మనసు మొగ్గుతుంది. కానీ మొదటి దానిలోని భయం ఉత్తది కాదని సరిహద్దు ఊళ్లలో ఉన్నవాళ్లకు తెలుసు.

బోయలనే తీసుకోండి. బళ్లారి వైపు వాల్మీకి నాయక కులం పేరుతో ఉన్న వీళ్లు ఎస్టీలు. ఇవతల గుంతకల్లు, ఆదోని, రాయదుర్గంలో అదే సామాజిక వర్గం బీసీ-ఏ. పెళ్లిళ్లు, చుట్టరికాలు అటూ ఇటూ. ఒక వియ్యంకుడు ఎస్టీ సీటులో నిలబడతాడు, రెండో వియ్యంకుడు నిలబడలేడు. అదీ కాక, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లాలోనివే. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంతో పాటు ఇవతలికి వచ్చాయి. అక్కడి పాత కుటుంబాల తాతల కాగితాల మీద బళ్లారి జిల్లా అని ఉంటుంది. వాళ్లు ఎక్కడికీ వలస పోలేదు, గీతే వాళ్ల మీదుగా జరిగింది.

మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికి వస్తే, చట్టం దాటాక పార్టీ ఉంది. వార్డులో ఏ కులం ఇళ్లెన్ని అని చూసే లెక్కలో రైల్వే కుటుంబాలు చెల్లాచెదురు. ట్రాన్స్‌ఫర్ అయితే పోతారు, రిటైరైతే కొందరు సొంతూరికి పోతారు. టికెట్ ఇచ్చేవాడు అందుకే వెనకాడతాడు.

కువైట్ నుంచి ఎందుకు రారు?

రాయచోటి, రాజంపేట వైపు ప్రతి వీధికీ కువైట్ చుట్టం ఉంటాడు. ముప్పై ఏళ్లు అక్కడే బండి నడిపినవాళ్లున్నారు. వాళ్లలో ఒక్కరైనా అక్కడ కౌన్సిలర్ కాలేదేమని ఎవరూ అడగరు, అడగాల్సిన పని కూడా లేదు. గల్ఫ్ దేశాల్లో వలస కార్మికుడికి పౌరసత్వం రాదనే చెప్పుకోవాలి. వీసా ఉన్నంత కాలమే ఉండటం. కాబట్టి అరుణ మిల్లర్ కథలో ప్రతిభ ఎంతుందో, ఆమె తండ్రి దిగిన దేశపు చట్టం కూడా అంతే ఉంది.

కువైట్ మనిషికి మిగిలింది ఇక్కడి ఓటే. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఫారం 6ఏ నింపి, పాస్‌పోర్టులో ఉన్న చిరునామా ప్రకారం ఓటరుగా నమోదు కావచ్చు. ఓటేయడానికి మాత్రం టికెట్ కొనుక్కుని రావాలి. ఆదోని దగ్గర కోసిగి నుంచి గుంటూరు మిరప కోతలకు పోయే కూలీలదీ అదే పరిస్థితి. తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన జాబితాలోంచి పేరు తీసేయకూడదని చట్టం చెబుతుంది. పోలింగు నాటికి బస్సు ఛార్జీ ఎవరు పెట్టుకోవాలో చెప్పదు.

'మన బిడ్డ' ఎంతవరకు?

ఏడేళ్లకే వెళ్లిపోయిన మనిషి మనకేమవుతుందని కొందరంటారు. ఆమెకు ఓటేసింది మేరీలాండ్ జనం, ఆమె జవాబు చెప్పుకోవాల్సిందీ వాళ్లకే. అది నిజం. ఆడపిల్లలకు, వలస ఇళ్లకు ఒక ఆనవాలు దొరికిందని సంతోషించేవాళ్ల మాటలోనూ తప్పు లేదు. ఇదంతా మామకు చెప్పాను. ఆయన ప్రశ్న ఇంకోటి.

"సరే అల్లుడూ, అంత గొప్ప మనిషి మన అనంతపురంలో కార్పొరేటర్‌గా నిలబడతానంటే?"

నిలబడలేరు. మన దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. విదేశీ పౌరులైన మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డుతో వచ్చి ఉండొచ్చు, ఇల్లు కొనొచ్చు, కానీ ఓటు లేదు, పోటీ లేదు. వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేష్ కేసు ఏళ్ల తరబడి నడిచింది ఈ పౌరసత్వం మీదే. ఆయన జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు తేల్చింది. ఓసీఐ ఉన్న మనిషికి దారి లేకపోలేదు. కార్డు తీసుకుని అయిదేళ్లు కావాలి, దరఖాస్తుకు ముందు ఏడాది ఇక్కడే ఉండాలి, పౌరసత్వం మంజూరైతే విదేశీ పౌరసత్వం వదులుకోవాలి. ఆపైన అనంతపురంలో కాపురం పెట్టి, నగర జాబితాలో ఓటు రాయించుకుని, డివిజన్ రిజర్వేషన్ కలిసి రావాలి.

మామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బీ-ఫారం కూడా కావాల గదప్పా" అన్నాడు.